బావిలోంచి వచ్చినట్టుండే గొంతు: ఇంటి రికార్డింగు, సొంత ప్రచురణ వెనకున్న లెక్కలు

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా పిన్ని తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. కథలు చదివి రికార్డు చేసి నెట్‌లో పెడదామని మొదలుపెట్టి, మొదటి కథ తానే విని వెంటనే నాకు ఫోన్ చేసింది. "ఏందిరా ఇది, బావిలోకి తొంగిచూసి మాట్టాడినట్టుంది. మంచి మైకు కొంటే పోద్దా?"

నేను విజయవాడలో తెలిసినవాళ్ల రికార్డింగులు సరిచేసి ఇస్తుంటాను. ఈ ప్రశ్న వినని నెల లేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న తోడైంది: "ఏఐతో ఒక్క నొక్కు నొక్కితే అంతా శుభ్రమైపోద్దంట కదా?" మైకు, గది, సాఫ్ట్‌వేర్, అప్‌లోడ్ చేసే చోటు అన్నీ ఒకే ముద్దగా కలిసిపోయి జనం కంగారుపడుతున్నారు. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

గదిలో బాగానే ఉన్న గొంతు ఫోనులో ఎందుకు చెడుతుంది

మనం మాట్లాడినప్పుడు శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్ల వేగంతో వెళ్తుంది. నేరుగా మైకుకి చేరేది కొంత. మిగతాది గోడకి, టైల్సుకి, పైకప్పుకి కొట్టుకుని తిరిగొస్తుంది. గోడ 1.7 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి 3.4 మీటర్లు, అంటే సుమారు 10 మిల్లీసెకన్లు. ఒక్కో మాటకి ఇలాంటి నకళ్లు వందల కొద్దీ పుడతాయి.

ఎదురుగా కూర్చున్న మనిషికి ఈ నకళ్లు వినపడవు. ముందు వచ్చిన శబ్దాన్నే అసలుగా పట్టుకుని, వెనకే వచ్చే నకళ్లని అందులో కలిపేసుకునే గుణం చెవులకీ మెదడుకీ ఉంది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు దీన్ని కొలిచి చూపించాడు. సుమారు 30, 40 మిల్లీసెకన్లలోపు వచ్చిన నకలు మనకి వేరే శబ్దంగా తోచదు. రెండు చెవులుండటం వల్ల ఏ శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో కూడా మెదడు విడదీసుకుంటుంది. ఒంటి మైకుకి ఆ వెసులుబాటు లేదు. అసలూ నకలూ కలిపి ఒకే తీగలోకి పోసేస్తుంది. తర్వాత ఇయర్‌ఫోన్‌లో వింటే అవి విడదీయడానికి వీల్లేని ముద్దగా చెవికి చేరతాయి. పిన్ని చెప్పిన బావి అదే.

ఖాళీ గదికీ బట్టల బీరువాకీ తేడా: ఒక లెక్క

తిరిగొచ్చే ఈ శబ్దాన్ని గది మోత అందాం. మాట ఆగిన తర్వాత మోత 60 డెసిబెల్స్ (శబ్దం గట్టితనపు కొలత) తగ్గడానికి పట్టే కాలాన్ని కొలతగా తీసుకుంటారు. ఈ లెక్క కట్టినవాడు వాలెస్ సేబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త లెక్చర్ హాల్లో మాట అర్థం కాక తలపట్టుకుని, దాన్ని సరిచేసే పని ఈ కుర్ర ప్రొఫెసరుకి అప్పగించారు. ఆ హాల్లో శబ్దం ఐదు సెకన్లకు పైగా నిలిచేది. ఆయన పక్కనున్న థియేటరు నుంచి కుర్చీ మెత్తలు రాత్రుళ్లు మోసుకొచ్చి పరుస్తూ, ఎన్ని మెత్తలకి మోత ఎంత తగ్గుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. మెత్తలతో మొదలైన శాస్త్రమిది. మన ఇళ్లకి ఇంత దగ్గరగా ఉండటానికి కారణం కూడా అదే.

సూత్రం చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ఉన్న మొత్తం పీల్పుతో భాగిస్తే మోత కాలం సెకన్లలో వస్తుంది. పీల్పు అంటే శబ్దాన్ని తిరిగి పంపకుండా మింగే శక్తి. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక యూనిట్ అనుకోవచ్చు, అందులోంచి వెళ్లిన శబ్దం మరి తిరిగిరాదు కాబట్టి.

మనవైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మామూలు పడకగది తీసుకుందాం: 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు. నున్నటి గోడలు, టైల్స్, పైన స్లాబు. ఇవి తమ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే మింగుతాయి. మనిషి, తలుపు, కిటికీ కలుపుకున్నా మొత్తం పీల్పు 3 యూనిట్ల దగ్గర ఉంటుంది. 34ని 0.161తో గుణిస్తే 5.5. దాన్ని 3తో భాగిస్తే 1.8 సెకన్లు.

ఇప్పుడు అదే గదిలో మంచం మీద పరుపు, దానిమీద బొంతలు, తలుపులు తెరిచిపెట్టిన బట్టల బీరువా, గోడకి మందపాటి కర్టెన్ ఉన్నాయనుకుందాం. మెత్తటి ఉపరితలం అంతా కలిపి 10 చదరపు మీటర్లు, అది నూటికి 60 వంతులు మింగుతుందనుకుంటే 6 యూనిట్లు. పాత 3తో కలిపి 9. మోత 0.6 సెకన్లకి దిగింది, అంటే మూడో వంతుకి. మైకు మార్చలేదు, రూపాయి ఖర్చు కాలేదు. ఇది ఉజ్జాయింపు లెక్కే. పరుపు పై స్వరాలని మింగినంతగా బొంగురు స్వరాలని మింగదు. అందుకే బొంతల మధ్య రికార్డు చేసిన మగ గొంతు ఒక్కోసారి గుమ్మటంలోంచి వచ్చినట్టు కూడా ఉంటుంది. మందం పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుంది. పత్తి పండే నేల మనది. అటక మీద పడున్న పాత దూది పరుపు ఈ పనికి పల్చటి ఫోమ్ ముక్కకంటే ఎంతో మేలు. ఈ మాట నేను మొహమాటం లేకుండా అంటాను.

కోడిగుడ్ల అట్టలు: ఒకే పేరుతో తిరుగుతున్న రెండు పనులు

"సౌండ్ ప్రూఫ్ చేయించాం" అని గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన గదులు నేను రెండు చూశాను. ఇక్కడ రెండు వేర్వేరు పనులు ఒకే పేరు కింద కలిసిపోయాయి. లోపలి మోతని మింగడం ఒకటి, బయటి చప్పుడు రాకుండా ఆపడం ఇంకొకటి. మింగడానికి గాలి చొరబడే మెత్తటి మందపాటి పదార్థం కావాలి. ఆపడానికి బరువు కావాలి, సందు లేకుండా బిగుసుకునే తలుపూ కిటికీ కావాలి. అట్టలు పల్చన, తేలిక. కాబట్టి బందరు రోడ్డు మీద బస్సు హారన్‌ని అవి ఆపలేవు, మోతలో కూడా పై స్వరాలని మాత్రమే కొద్దిగా తగ్గిస్తాయి. ఫోమ్ పలకలదీ అదే కథ: మోతకి కొంత పనికొస్తాయి, హారన్‌కి పనికిరావు.

రేడియో స్టూడియోలకి ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు, మధ్యలో చిన్న గది ఉండేది అందుకే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి నాటకాలు విని పెరిగిన వాళ్లకి ఆ నిశ్శబ్దం చెవుల్లో ఉండిపోయింది. ఇంట్లో చేసిన రికార్డింగు "రేడియోలాగ లేదు" అని అనిపించడానికి సగం కారణం ఆ జ్ఞాపకం. ఇంట్లో ఆ స్థాయి రాదు. వేళ ఎంచుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది: పాల ప్యాకెట్లు రాకముందు, ఆకుకూరల బండి మీది మైకు మోగకముందు.

మైకు దూరం చేసే పని

మైకుల్లో కండెన్సర్, డైనమిక్ అని రెండు రకాలు. వాటి గురించి ఎక్కువ వినపడే మాట, "కండెన్సర్ మైకు గది మొత్తాన్ని పట్టేస్తుంది, డైనమిక్ అయితే గొంతునే పట్టుకుంటుంది" అని. ఇందులో నిజం సగమే. కండెన్సర్ సున్నితం, చిన్న సిగ్నల్‌నీ పెద్దగా ఇస్తుంది. కానీ రెండు మైకులూ ఒకే దిక్కుకి వినే రకమై, ఒకే దూరంలో ఉంటే, గొంతుకీ గది మోతకీ ఉండే నిష్పత్తి రెండింట్లో దాదాపు ఒకటే. డైనమిక్ మైకుని జనం నోటికి దగ్గరగా పెట్టుకుంటారు. ఫలితం అక్కడినుంచి వస్తోంది.

దూరం సగమైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పిన్ని ఫోనుని టేబుల్ మీద 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చదివింది. దాన్ని 15 సెంటీమీటర్లకి తెస్తే దూరం రెండుసార్లు సగమైనట్టు, గొంతు 12 డెసిబెల్స్ పెరిగినట్టు, అంటే సిగ్నల్ నాలుగింతలు. ఫ్యాను చప్పుడు, గది మోత మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఇదే 12 డెసిబెల్స్ రొదని సాఫ్ట్‌వేర్‌తో తీయాలంటే గొంతు కూడా కొంత దెబ్బతింటుంది. దగ్గరికి జరిగితే అలాంటి నష్టమేమీ లేదు.

అలాగని మరీ పెదవులకి ఆనిస్తే ఇంకో చిక్కు. ప, బ లాంటివి పలికేటప్పుడు నోట్లోంచి గాలి కొడుతుంది. భ, ఫ లాంటి వత్తులతో ఇంకా గట్టిగా కొడుతుంది. "భయం భయంగా" అన్న చోట రెండుసార్లు ధబ్ ధబ్‌మంటుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా పక్కకి ఉంటే గాలి దాన్ని దాటిపోతుంది, శబ్దం మాత్రం చేరుతుంది.

ఫ్యాను ఆపలేని ఊళ్లలో

మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపి అరగంట కథ చదవమనడం అన్యాయం. రెంటచింతల ఎండల పేరు విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాను ఇచ్చే రొదలో మూడు భాగాలున్నాయి. గాలి నేరుగా మైకుకి తగిలే దడదడ ఒకటి, ఇది మైకు మీద స్పాంజి తొడుగుతో చాలామటుకు పోతుంది. రెక్కలు గాలిని కోసే హోరు రెండోది, ఇది అన్ని స్వరాల్లోనూ పరుచుకుని ఉంటుంది. మోటారు గుయ్‌మనే శబ్దం మూడోది. మన కరెంటు సెకనుకి 50 ఆవృతాలు కాబట్టి ఈ గుయ్ 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర కూర్చుంటుంది. ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులో లాప్‌టాప్ చార్జరు పెట్టినా ఇదే గుయ్ తీగల ద్వారా లోపలికి వస్తుంది. చార్జరు పీకేస్తే ఆగిపోయిందంటే దోషి దొరికినట్టే.

80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేసే ఫిల్టరు 50ని తీసేస్తుంది, గొంతుకి ఏమీ కాదు. 100, 150 అలా కాదు. మగ గొంతు మూలస్వరం సుమారుగా అక్కడే తిరుగుతుంది. ఆడ గొంతు 200 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ విషయంలో పిన్నికి కొంత అదృష్టం.

తెలుగు వాక్యానికి ప్రాణం తోకలో ఉంది

రొద తీసే పాత పద్ధతులు రెండు. మొదటిది గేటు. ఒక హద్దు పెడతాం, అంతకంటే తక్కువ శబ్దం వస్తే తలుపు మూసేస్తుంది. రెండోది ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉండేది: ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్లు చూపిస్తే, ఏ స్వరంలో ఎంత రొద ఉందో నమూనా తీసుకుని, ఆ మట్టానికి దిగువనున్న స్వరాలన్నింటినీ అణుస్తుంది. ఫ్యానులాగా ఒకే తీరున సాగే రొదకి ఇది బాగా పనిచేస్తుంది. కుక్కర్ విజిల్‌కి, ఆటో హారన్‌కి పనికిరాదు, అవి నమూనాలో లేవు కదా. మోతాదు మించితే నీళ్లలోంచి మాట్లాడినట్టు గలగలమంటుంది.

ఈ సాధనాల గురించి చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది, నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేదీ అదే. తెలుగు అజంత భాష, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. క్రియ వాక్యం చివర వస్తుంది. ఆ క్రియ చివర అతుక్కునే ఒక్క అక్షరం అర్థాన్ని తిప్పేస్తుంది: వచ్చాడు, వచ్చాడా, వచ్చాడట, వచ్చాడేమో. మామూలుగా చెప్పే వాక్యంలో ఊపిరి అయిపోయి గొంతు దిగేదీ సరిగ్గా ఆ చివరే.

అంకెల్లో చూద్దాం. డిజిటల్ రికార్డింగులో సున్నా పై హద్దు, శబ్దం తగ్గేకొద్దీ మైనస్ అంకె పెరుగుతుంది. "వాళ్లబ్బాయి ఊళ్లోకి వచ్చాడట" అన్న వాక్యం మొదట్లో గొంతు మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఉందనుకోండి. చివరి "ట" దగ్గరికి మైనస్ 38కి దిగింది. గది రొద మైనస్ 45. రొద వినపడకూడదని గేటు హద్దుని మైనస్ 36 దగ్గర పెట్టాం. గేటు రొదనీ మూసింది, "ట"నీ మింగింది. విన్నవాళ్లకి "వచ్చాడ" అని తెగిపోతుంది. ఎవరో చెప్పగా విన్నమాట కాస్తా కళ్లారా చూసిన నిజమైపోయింది. ఊరి వార్తలు చెప్పేవాళ్లకి ఇది చిన్న తప్పు కాదు.

గది మోత కూడా తెలుగుని ఒక ప్రత్యేకమైన చోట దెబ్బతీస్తుంది. "గడి"కీ "గడ్డి"కీ తేడా మధ్యలో నాలుక ఆగే ఆ చిన్న విరామం. మోత ఎక్కువున్న గదిలో "గ" శబ్దపు తోక వచ్చి ఆ విరామాన్ని నింపేస్తుంది. ద్విత్వం పల్చబడుతుంది. మన గొంతు బాలేదని, ఉచ్చారణ స్పష్టంగా లేదని బాధపడే చాలామందిలో లోపం గొంతులో లేదు, గోడల్లో ఉంది.

ఏఐ శుభ్రం చేసిన గొంతు: ఇద్దరి వాదన

కొత్త సాధనాలు తీసివేత లెక్క చెయ్యవు. రొద ఉన్న గొంతులు, లేని గొంతులు వేల గంటలు పక్కపక్కన విని, "ఇలా వినపడితే అసలు ఇలా ఉండి ఉంటుంది" అని అంచనా కట్టడం నేర్చుకుంటాయి. 2017 ప్రాంతంలో వచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్ లాంటివి ఏ స్వరాన్ని ఎంత తగ్గించాలో మాత్రమే అంచనా వేస్తాయి. ఆ తర్వాత వచ్చిన కొన్ని ఇంకో అడుగు ముందుకేసి, పోయిన భాగాన్ని కొత్తగా తయారుచేసి అతుకుతాయి. గది మోతని తీయగలగడం వీటి అసలు గొప్ప. పాత పద్ధతులకి అది చేతకాని పని.

వీటిని మెచ్చేవాళ్ల మాటలో బలముంది. రెండు గదుల ఇంట్లో, పిల్లలు పడుకున్నాక వంటింట్లో ఫోను పెట్టుకుని రికార్డు చేసే మనిషికి పరుపుల గది ఎక్కడినుంచి వస్తుంది? సాధనం లేకపోతే ఆమె గొంతు బయటికే రాదు. వినేవాళ్లు రొదకి విసిగి రెండో నిమిషంలోనే వదిలేస్తే చెప్పిన విషయం ఎంత మంచిదైనా ఏం లాభం?

వద్దనేవాళ్ల మాటా తేలిగ్గా తీసేయలేం. అంచనా కట్టే యంత్రం తను ఎక్కువ విన్న గొంతులవైపు లాగుతుంది. తెలుగు తక్కువ విన్న యంత్రానికి "ళ", "ణ" అనుమానంగా తోస్తే "ల", "న" వైపు జరిపే ప్రమాదముంది. పల్నాటి యాస, ముసలివాళ్ల వణుకు, ఊపిరి తీసుకునే చప్పుడు దానికి మచ్చల్లా కనపడొచ్చు. నా మట్టుకు నేను చదివిన వార్తకి, పాఠానికి సాధనం వాడతాను. పెద్దవాళ్ల జ్ఞాపకాలు, జానపదాలు అయితే తక్కువ మోతాదులో వాడి, శుభ్రం చేసినదాన్ని అసలుతో పోల్చి ప్రతి వాక్యం చివర వింటాను. అసలు ఫైలు మాత్రం ఎప్పటికీ చెరపను.

ప్రచురించేటప్పుడు శబ్దం పెంచితే ఏమవుతుంది

ఒక ఎపిసోడు నీరసంగా, ఇంకోటి చెవులు పగిలేలా ఉండకూడదని చెవి వినే తీరుకి దగ్గరగా ఒక కొలత పెట్టారు, పేరు లఫ్స్. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీని లెక్కని ప్రమాణంగా తెచ్చింది. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ మైనస్ 16 చుట్టుపక్కల ఉండాలంటుంది. స్పాటిఫై మైనస్ 14కి సర్దుతుంది.

పిన్ని కథ మైనస్ 24 ఉంది. మైనస్ 16కి తేవాలంటే 8 డెసిబెల్స్ పెంచాలి. కథలో అరుపు దగ్గర శిఖరం మైనస్ 6 ఉంటే, పెంచాక ప్లస్ 2 అవుతుంది. సున్నా దాటిన శబ్దానికి డిజిటల్‌లో చోటు లేదు, పగిలిపోతుంది. కాబట్టి లిమిటర్ అనే సాధనం శిఖరాలని నొక్కిపెడుతుంది. ఇక రొద: మైనస్ 52 దగ్గర, వినీ వినపడనట్టున్నది కూడా 8 పెరిగి మైనస్ 44కి వచ్చి కూర్చుంది. ఇంట్లో విన్నప్పుడు లేని ఫ్యాను నెట్‌లో పెట్టాక వినపడిందని జనం ఆశ్చర్యపోవడం ఇందుకే. ఆపుచేయని ఫ్యాను ఈ చివరి మెట్టు మీద బయటపడుతుంది.

సొంత ఫీడూ, వేదిక మీద చానలూ

పాడ్‌కాస్ట్ అంటే యాప్ పేరు కాదు. ఎపిసోడ్ల పేర్లు, తేదీలు, ఆడియో ఫైలు ఎక్కడుందో చిరునామాలు రాసిన ఒక చిన్న అక్షర ఫైలు. దాన్ని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. 2000 చివర్లో డేవ్ వైనర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అందులో ఆడియో తగిలించే వీలు కల్పించాడు. 2005 జూన్‌లో ఆపిల్ ఐట్యూన్స్‌లో చేర్చాక జనంలోకి వెళ్లింది. యాప్‌లు ఆ ఫీడుని చదివి చూపిస్తాయి, ఫైలు మాత్రం మీరు పెట్టిన చోటే ఉంటుంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడినప్పుడు సొంత ఫీడు ఉన్నవాళ్ల ఎపిసోడ్లు ఎక్కడికీ పోలేదు, శ్రోతలు వేరే యాప్‌కి మారాల్సివచ్చిందంతే.

యూట్యూబ్ చానల్ అలా కాదు. శ్రోతలతో మీ సంబంధం ఆ వేదిక చేతిలో ఉంటుంది. అయినా దాన్ని ఎంచుకునేవాళ్లని తప్పుపట్టలేం. మా పిన్ని స్నేహితురాళ్లలో పాడ్‌కాస్ట్ యాప్ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు, యూట్యూబ్ అందరికీ ఉంది. వాట్సాప్ కూడా ఉంది. కానీ అందులో వాయిస్ మెసేజిగా పంపితే శబ్దాన్ని బాగా నొక్కేస్తుంది. అదే ఫైలుని డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.

ఫైలు బరువు లెక్కా ఇక్కడే చూడాలి. 20 నిమిషాల కథ, ఒక్క చానల్లో, నొక్కకుండా వేవ్ ఫైలుగా దాస్తే సుమారు 106 మెగాబైట్లు. 64 కేబీపీఎస్ (సెకనుకి 64 వేల బిట్లు) ఎంపీ3 చేస్తే 9.6. మాటకి ఆ మాత్రం చాలు. ఫైలు పేరు తెలుగులో పెడితే వెబ్ చిరునామాలో ఒక్కో సంకేతం (అక్షరమైనా, గుణింతపు గుర్తైనా) 9 అక్షరాలవుతుంది. "విజయవాడ"లో అలాంటివి 7, అంటే 63 అక్షరాల తోరణం. కథ పేరు తెలుగులో ఉంటే ఏ ఇబ్బందీ లేదు, ఫైలు పేరు దగ్గరే ఈ తంటా.

చివరి ముడి హక్కులది. "పాత కథే కదా" అన్న మాట చట్టానికి సరిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1965లో మరణించిన రచయిత కథలు 2026 జనవరి 1 నుంచి ఎవరైనా చదవచ్చు. 1979లో పోయినవారివైతే 2039 చివరి వరకూ అనుమతి కావాలి. అనువాద కథయితే అనువాదకుడి లెక్క వేరుగా చూడాలి. చదివి రికార్డు చేసిన పిన్నికీ ఆ రికార్డింగు మీద సొంత హక్కుంది, అది ప్రచురించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు.

ఆ కథని పిన్ని మళ్లీ చదివింది. బీరువా తలుపులు తెరిచి, మంచం మీద కూర్చుని, ఫోనుని జానెడు దూరంలో పట్టుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి. ఫైలు నాకు డాక్యుమెంటుగా పంపి, కింద ఒకే ప్రశ్న రాసింది: "చివర్లో 'అంట' వినపడుతోందా?"